టెక్కాలో ఆదివారాలు

మా సోంపేట, కవిటి వైపు సింగపూర్ వెళ్లొచ్చిన ఇద్దరు ఎక్కడైనా కలిస్తే మాటలు ఒక వరసలో నడుస్తాయి. ఏ షిప్‌యార్డు? ఏ సంవత్సరం? ఏజెంటుకి ఎంత కట్టావు? ఇవయ్యాక తప్పకుండా ఇంకొకటి వస్తుంది. “టెక్కాలో ఏ పక్క కూకునేవోరు?” అసలు కబుర్లు అక్కడి నుంచే మొదలు. ఏ పక్క కూర్చునేవాడో చెప్పాడంటే ఎవరితో తిరిగాడో, చీటీ ఎవరి దగ్గర కట్టాడో, మన చుట్టాల్లో ఎవరెవరు తెలుసో అంతా బయటపడిపోతుంది.

పటాల్లో దాని పేరు లిటిల్ ఇండియా. టూరిస్టులు అలాగే అంటారు. పనికి వెళ్లినవాళ్లకు మాత్రం, తమిళుడైనా బంగ్లాదేశ్ వాడైనా తెలుగువాడైనా, అది టెక్కానే. సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉండే టెక్కా మార్కెట్ పేరు మీద ఆ చుట్టుపక్కలంతా టెక్కా అయిపోయింది.

నేను వెళ్లింది 2006లో. ఐటీఐ చదివిన ఫిట్టర్ని. ఉద్దానంలో జీడితోటో కొబ్బరితోటో ఉన్నవాడి బతుకు ఒక రకం, లేనివాడు ఎటో ఒకటు పోవాలి. మా తాతల కాలంలో రంగూన్, మా కాలంలో గల్ఫ్, సింగపూర్. అప్పు చేసి ఏజెంటుకి కట్టి, విశాఖలో ట్రేడ్ టెస్టు పాసై, చెన్నైలో విమానం ఎక్కి, ద్వీపానికి పడమటి చివర ఉన్న తువాస్‌లో దిగాను. దిగాను అంటే నిజంగా దిగడమే. విమానాశ్రయం దగ్గర వ్యాన్ ఎక్కించి డార్మెట్రీ గేటు లోపల దింపారు. ఆ తర్వాత చాలా వారాలు నాకు సింగపూర్ అంటే లారీ వెనక నుంచి కనిపించే రోడ్డు. పొద్దున్న చీకట్లో లారీ, రోజంతా యార్డు, ఓటీ (ఓవర్ టైమ్) ఉంటే రాత్రి పదికి మళ్లీ లారీ. వెనక్కి తిరిగి కూర్చుంటాం కాబట్టి ముందు రాబోయేది ఏదీ కనిపించదు. దాటి వచ్చేసిన బిల్డింగులు చిన్నవవుతూ ఉండడమే కనిపిస్తుంది.

రూములో పదహారు మందిమి. రెండంతస్తుల ఇనప మంచాలు. ఎవడి మంచం చుట్టూ వాడు లుంగీని తెరలా కట్టుకుని దాన్నే ఇల్లు అనుకునేవాడు. ఫోన్లో ఇంటికి మాట్లాడాలంటే మెట్ల కిందకో, బట్టలు ఆరేసే చోటుకో పోవాలి. భార్యతో పోట్లాడాలన్నా పదహారు మంది వింటారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆదివారం వీళ్లంతా రోడ్ల మీద ఎందుకు పడతారని అడిగేవాళ్లు ఉంటారు. ఉన్నచోట కూర్చోడానికి చోటు లేకే.

టెక్కాకి నన్ను మొదట తీసుకెళ్లింది మా వీధి బావ. నాకన్నా ముందు వెళ్లినవాడు. “సొక్కా మార్సి రారా, యార్డు వాసనొస్తన్నావు” అని తనే ఒక చొక్కా ఇచ్చాడు. తువాస్ నుంచి బస్సులో బూన్ లే, అక్కడ ఎమ్మార్టీ, అంటే వాళ్ల మెట్రో రైలు, ఊట్రమ్ పార్కులో దిగి ఊదారంగు లైను. ఆ లైను మీది లిటిల్ ఇండియా స్టేషన్ 2003లోనే తెరిచారు, ఇంకా కొత్తగా మెరుస్తూ ఉండేది. గంటన్నర ప్రయాణం. ఎస్కలేటర్ పైకి తెచ్చి వదిలేసరికి నాకు అడుగు ముందుకు పడలేదు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో కూడా అంతమంది మగవాళ్లను ఒక్కచోట చూడలేదు. పేవ్‌మెంట్ల మీద, మెట్ల మీద, చెట్ల కింద, దుకాణాల ముందు, పార్కింగ్ స్థలాల్లో ఎక్కడ చూసినా మనుషులే. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు, అందరూ ఫోన్లో మాట్లాడుతున్నారు.

మొదట ఒట్టి గుంపులా కనిపించింది. నాలుగు ఆదివారాలు తిరిగాక తెలిసింది, అక్కడ ప్రతి అడుగుకీ ఒక లెక్క ఉందని. లెంబు రోడ్డు దగ్గరున్న ఖాళీ స్థలం, దాని వెనక డెస్కర్ రోడ్డు వైపంతా బంగ్లాదేశ్ వాళ్లది. అక్కడి దుకాణాల బోర్డులు బెంగాలీలో ఉండేవి. తమిళులు చాలామంది కాబట్టి వాళ్లలో మళ్లీ జిల్లాలవారీ. తంజావూరు వాళ్లు ఒక గోడ వారన, పుదుక్కోట వాళ్లు ఒక మలుపులో, రామనాథపురం వాళ్లు ఇంకోచోట. ఎవరూ గీత గీయలేదు, బోర్డు పెట్టలేదు. ఎవరైనా పొరపాటున ఇంకొకరి చోట కూర్చుంటే లేవమని అడిగేవాళ్లూ కాదు. కాకపోతే వాళ్లు పలకరించే తీరులోనే ఇది మన చోటు కాదని అర్థమైపోయేది.

తెలుగువాళ్లం తక్కువ. రేస్ కోర్స్ రోడ్డు పక్కన ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద కాస్త గడ్డి ఉండేది, అది మాది. శ్రీకాకుళం వాళ్లం ఎక్కువ, ఒకరిద్దరు నిజామాబాద్, కరీంనగర్ వాళ్లు, గోదావరి జిల్లాల వెల్డర్లు కొందరు. ముస్తఫా సెంటర్ అనే పెద్ద దుకాణం వెనక పారేసిన అట్టపెట్టెలు విప్పి పరిచేవాళ్లం. చెట్టు దగ్గరున్నాను అని ఫోన్లో అంటే ఏ చెట్టు అని అడిగినవాడు లేడు. సింగపూర్లో లక్షల చెట్లున్నాయి.

నాకు ఆ గడ్డిలో ఒక ఉద్యోగం కూడా దొరికింది. జీతం లేనిది. నా చేతిరాత బాగుంటుంది. ఇంటికి కార్గోలో పంపే పెట్టెల మీద అడ్రసు రాయడం నా పని అయిపోయింది. పెట్టెలో ఏముంటుందో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి. చాక్లెట్లు, పాలపొడి, టైగర్ బామ్, టార్చి లైట్లు, సెంటు సీసాలు, దుప్పటి. దుప్పటి అన్నిటికన్నా పైన, అడుగున ఉన్నవి పగలకుండా. నైలాన్ తాడుతో నిలువుగా, అడ్డంగా కట్టి, ముడి మీద టేపు వేసి, పెట్టెను నా ముందుకు తోసేవాళ్లు. నేను లావు మార్కర్‌తో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో మూడు వైపులా రాసేవాణ్ణి. తండ్రి పేరు, ఇంటి పేరు, ఊరు, మండలం, జిల్లా. పిన్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి సగం మంది తెల్లమొహం వేసేవాళ్లు. పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నవాడికి పిన్ కోడ్ ఎందుకు గుర్తుంటుంది? కొన్నాళ్లకు ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా పిన్ కోడ్లన్నీ నాకు నోటికొచ్చేశాయి. నేనెప్పుడూ అడుగుపెట్టని ఊళ్లలో కూడా ఎవరి ఇల్లు రామాలయం పక్కన, ఎవరి ఇల్లు నీళ్ల ట్యాంకు ఎదురుగా ఉంటుందో తెలుసు. ఓటీ పడి ఒక ఆదివారం రాకపోతే, మరుసటి వారం నాలుగు పెట్టెలు నా కోసం కట్టి ఉండేవి. యార్డులో నేను రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఈ గడ్డిలో మాత్రం పెట్టెలు నా కోసం ఆగేవి. అప్పు తీరిపోయిన రోజు కన్నా ఎక్కువ సంతోషం కలిగింది దానికే.

చీటీ పాట కూడా అక్కడే. నోట్లు చేతులు మారుతుంటే పోలీసులకు పేకాటలా కనిపిస్తుందేమోనని భయం. అందుకని పాట గొంతు పెంచకుండా పాడేవాళ్లం. వేలం పాట గుసగుసల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొత్తగా వచ్చినవాడికి సేఫ్టీ కోర్సు ప్రశ్నలు బట్టీ పట్టించడం, ఏ కంపెనీ జీతం సరిగ్గా ఇస్తుంది, ఏది మూడు నెలలు ఎగ్గొట్టింది అనే సమాచారం, ఊళ్లో పెళ్లి సంబంధాలు, ఎవరి తల్లికి కిడ్నీలు పాడయ్యాయి అనే కబురు (మా ఉద్దానానికి ఆ జబ్బు శాపంలా పట్టుకుంది) అన్నీ ఆ అట్టల మీదే. మొక్కులున్నవాళ్లు సెరంగూన్ రోడ్డులో ఇంకాస్త పైకి నడిచి శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి వచ్చేవాళ్లు. 1855 నాటి గుడి అది.

సాయంత్రం ఆరు దాటాక ఒక చైనీస్ ముసలమ్మ తోపుడు బండితో వచ్చేది. ఖాళీ డబ్బాలు, అట్టలు ఏరుకుని అమ్ముకునేది. సింగపూర్లో బీదవాళ్లు లేరనుకునేవాడు అలాంటి ముసలివాళ్లను చూడాలి. మొదట్లో మమ్మల్ని కసిరేది, మేం కూర్చున్న అట్ట ఆమెకు డబ్బు కదా. తర్వాత ఒప్పందం కుదిరింది. ఎవరూ మాట్లాడుకోని ఒప్పందం. డబ్బాలన్నీ నలిపి ఒక సంచిలో వేసి చెట్టు మొదట్లో పెడతాం. లేచేటప్పుడు అట్టలు మడిచి పక్కన పేరుస్తాం. ఆమె వచ్చి మా మీద కేకలేసి, అవి బండిలో వేసుకుని, అప్పుడప్పుడు ఒక నారింజ పండు మా బావ చేతిలో పెట్టి పోయేది. ఆ ఊళ్లో నన్ను తిట్టిన స్థానికుల్లో నాకు ఇష్టమైన మనిషి ఆమె ఒక్కతే.

ఆ నేల చరిత్ర తర్వాతెప్పుడో చదువుకున్నాను. అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది. ఒకప్పుడు అక్కడ పశువుల వ్యాపారం జరిగేదట. అక్కడి వీధులకు ఆవుల పేర్లు, గేదెల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. రేస్ కోర్స్ రోడ్డు పేరు ఊరికే రాలేదు, 1840ల నుంచి 1933 దాకా ఆ పక్కనే గుర్రప్పందేలు నడిచేవి. ఆ మైదానమే ఫారర్ పార్కు. 1942 ఫిబ్రవరి 17న, సింగపూర్ జపాన్ వశమైన రెండో రోజున, బ్రిటిష్ సైన్యంలోని భారతీయ సైనికులను నలభై వేలకు పైగా ఆ మైదానంలో నిలబెట్టి జపాన్ వాళ్లకు అప్పగించారు. కెప్టెన్ మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజ్ మాట ఎత్తింది అక్కడే. మా చెట్టు నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఇంకో పక్క, హాంప్‌షైర్ రోడ్డులో, పాత ప్రసూతి ఆసుపత్రి ఉండేది. 1966లో ఒక్క ఏడాదిలో అక్కడ 39 వేలకు పైగా పిల్లలు పుట్టారు, అది గిన్నిస్ రికార్డు. అంటే ఆ చుట్టుపక్కల ఏనాడూ ఖాళీగా, నిశ్శబ్దంగా లేదు. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు, తోలుకొచ్చినవాళ్లు, ఎటు పోవాలో తెలియనివాళ్లు ఆ నేల మీద ఎప్పుడూ ఉన్నారు. మేమొచ్చి పాడు చేశామన్నట్టు మాట్లాడేవాళ్లకు ఇది చెప్పాలనిపించేది.

అయితే అక్కడ నివసించేవాళ్ల బాధ అబద్ధం కాదు. ఆ రోడ్ల పక్కనే ప్రభుత్వ అపార్టుమెంట్లు ఉన్నాయి. వాటి కింద ఖాళీగా వదిలే అంతస్తును వాయిడ్ డెక్ అంటారు. పెళ్లిళ్లు, చావులు, ముసలివాళ్ల చదరంగం అన్నీ అక్కడే జరుగుతాయి. ఆదివారం వానొస్తే మేమంతా దాని కిందకే పరిగెత్తేవాళ్లం. తాగినవాళ్లు అక్కడే పడుకునేవాళ్లు, మూలల్లో ఉచ్చ పోసేవాళ్లు. ఇంటికి కూరగాయల సంచితో వచ్చే ఆడమనిషి వందమంది మగవాళ్లను దాటుకుని లిఫ్ట్ దగ్గరికి వెళ్లాలి. నా చెల్లెలైతే నేనేమంటాను? అదీ అనుకున్నాను. క్రమంగా కటకటాలు, గేట్లు వచ్చాయి. ఇక్కడ కూర్చోరాదు, ఉమ్మరాదు, చెత్త వేయరాదు అని బోర్డులు తమిళంలో, బెంగాలీలో పెట్టారు. తెలుగులో ఒక్కటీ లేదు. మా గోదావరి వెల్డరు ఒకడు, మనకి రూల్స్ లేవన్నమాట అని తేల్చేశాడు.

2008లో సెరంగూన్ గార్డెన్స్ అనే బాగా డబ్బున్న పేటలో, వాడకుండా వదిలేసిన స్కూలు భవనాన్ని వలస కార్మికుల డార్మెట్రీగా మారుస్తామంటే అక్కడివాళ్లు దాదాపు 1,400 ఇళ్ల సంతకాలతో వినతిపత్రం ఇచ్చారు. చివరికి డార్మెట్రీ కట్టారు, కానీ ఆ పేట వీధుల్లోంచి కాకుండా దానికి వేరే దారి వేశారు. ఆ వార్త మా చెట్టు కింద ఎవరో చదివి వినిపించారు. ఎవరికీ కోపం రాలేదు, నవ్వారు. రోడ్డు వేసేది కూడా మనమే కదరా అన్నాడు బావ. ఆ తర్వాత పడమటి వైపు కార్మికుల కోసం రిక్రియేషన్ సెంటర్లు కట్టారు. క్రికెట్, సినిమా, అంగడి అన్నీ ఉంటాయి. ఒకసారి వెళ్లాను. శుభ్రంగా, బాగుంది. కానీ అక్కడ మేం తప్ప ఇంకెవరూ లేరు. టెక్కాలో అయితే ఆ ముసలమ్మ ఉంది, గుడికి వచ్చే కుటుంబాలు ఉన్నాయి, కూరలు కొనే చైనీస్, మలయ్ ఆడవాళ్లు ఉన్నారు, ఫోటోలు తీసుకునే తెల్లవాళ్లు ఉన్నారు. వారానికి ఒక్కరోజైనా ఆ ఊరి మనుషుల మధ్య నడవాలని ఉంటుంది. ఆటస్థలం కట్టిచ్చినవాళ్లకు ఇది తోచినట్టు లేదు.

మా చెట్టు విలువ నాకు పూర్తిగా తెలిసింది 2013 అక్టోబరులో. పైలిన్ తుపాను శనివారం రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ అంటే మాకు పక్కిల్లు. రాత్రంతా డార్మెట్రీలో ఎవడూ పడుకోలేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఎక్కడికి చేసినా ఫోన్లు కలవవు. ఆదివారం తెల్లారగానే ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే అందరం చెట్టు దగ్గరికి చేరాం. మామూలుగా మధ్యాహ్నం నిండే గడ్డి పొద్దున్న తొమ్మిదికే నిండిపోయింది. వేరే యార్డుల వాళ్లు, ఎప్పుడూ చూడని వాళ్లు కూడా తెలుగు మాట వినిపించిందని వచ్చి నిలబడ్డారు. ఒకడికి బరంపురంలో బావమరిది దొరికాడు. ఇంకొకడికి టెక్కలిలో ఉన్న మేనత్త ఫోన్ ఎత్తింది. దొరికిన ప్రతి ఫోన్నీ పట్టుకుని, ఫలానా ఊరి సంగతి కనుక్కోమని పది ఊళ్ల పేర్లు చెప్పేవాళ్లం. నేను అడ్రసులు రాసే మార్కర్‌తో ఒక అట్ట మీద ఊళ్ల పేర్లు రాసి, కబురు తెలిసిన ఊరి పక్కన టిక్కు పెడుతూ పోయాను. మా ఊరికి టిక్కు పడేసరికి సాయంత్రం నాలుగైంది. కొబ్బరిచెట్లు పోయాయి, మనుషులు బాగున్నారు. ఆ పూట పుదుక్కోట వాళ్లు వచ్చి మా అందరికీ టీలు ఇప్పించారు. అప్పటిదాకా వాళ్లతో నాకున్న పరిచయం తల ఊపడం వరకే.

రెండు నెలలు తిరక్కుండానే డిసెంబర్ 8 వచ్చింది. ఆ ఆదివారం నేను ఎనిమిదింటికే బయల్దేరిపోయాను, సోమవారం పొద్దుటి షిఫ్టు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, రేస్ కోర్స్ రోడ్డు, హాంప్‌షైర్ రోడ్డు కలిసేచోట, కార్మికులను డార్మెట్రీలకు చేరవేసే ప్రైవేటు బస్సు కింద పడి ఒక తమిళ నిర్మాణ కార్మికుడు చనిపోయాడు. ముప్పై మూడేళ్లవాడు. మూడు నాలుగు వందల మంది తిరగబడ్డారు. పోలీసు కార్లు తిరగేశారు, అంబులెన్సుకి నిప్పంటించారు. 1969 తర్వాత సింగపూర్ అలాంటి అల్లరి చూడలేదు. డార్మెట్రీలో ఫోన్లలో వీడియోలు చూస్తుంటే, మంటల వెనక ఉన్న చెట్లలో మాది ఏదో వెతుక్కుంటున్నాను. చనిపోయినవాడి గురించి ఆలోచించడానికి ముందు చెట్టు గురించి ఆలోచించాను, మనిషి మనసు అలా ఉంటుంది.

యాభై మందికి పైగా తిరిగి పంపేశారు, కొందరికి జైలు పడింది. విచారణ కమిటీ వేశారు. కూలీల పరిస్థితుల మీద అసంతృప్తి కాదు, ప్రమాదం చూసిన ఆవేశం, తాగుడు కారణాలని 2014లో రిపోర్టు ఇచ్చారు. తాగుడు సంగతి నేను కాదనను, కళ్లారా చూసినవాణ్ణి. మిగతాది అంత తేలిగ్గా తేల్చడం నాకు ఒప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. 2015 ఏప్రిల్ నుంచి కొత్త మద్యం చట్టం వచ్చింది. దేశమంతటా రాత్రి పదిన్నర తర్వాత బహిరంగంగా తాగకూడదు. లిటిల్ ఇండియాలోనూ, గేలాంగ్ అనే ఇంకో పేటలోనూ శని, ఆదివారాలు అసలే తాగకూడదు. వీధి దీపాలు పెరిగాయి, కెమెరాలు పెరిగాయి, యూనిఫాం వాళ్లు జంటలుగా తిరగడం మొదలుపెట్టారు. మేం కూర్చోవడం మానలేదు. కానీ కూర్చునే పద్ధతి మారింది. కాళ్లు చాపుకోవడం తగ్గింది, గట్టిగా నవ్వితే ఎవడో ఒకడు ష్ అనేవాడు. చీటీ పాట డార్మెట్రీకి మారిపోయింది. ముసలమ్మ కొన్నాళ్లు వచ్చింది, తర్వాత కనిపించలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు, ఆమె పేరు మాకు తెలియదు.

నేను 2015 చివర్లో వచ్చేశాను. మా మేనల్లుడు అక్కడే ఉన్నాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు డార్మెట్రీల గేట్లు మూసేశారు. అప్పుడు వాటిలో ఉన్నది దాదాపు 3,23,000 మంది, అందులో 47 శాతానికి వైరస్ సోకినట్టు ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వమే చెప్పింది. ఊళ్లో జనం మాల్స్‌కి తిరుగుతున్నా వీళ్లు పనికి, మంచానికి మధ్యనే ఉన్నారు. 2021 సెప్టెంబరులో వారానికి అయిదు వందల మందిని, టీకా వేసుకున్నవాళ్లను, ఆరు గంటల పాటు లిటిల్ ఇండియాకి, గేలాంగ్ సెరాయ్‌కి పోనిచ్చే ప్రయోగం మొదలుపెట్టారు. మూడు లక్షల్లో అయిదు వందలు! 2022లో మామూలుగా బయటికి వెళ్లనిచ్చారు గానీ, ఆదివారాలు లిటిల్ ఇండియా లాంటి నాలుగు చోట్లకు వెళ్లాలంటే అప్పట్లో పాస్ తీసుకోవాల్సి వచ్చేది. “మావయ్యా, మన చెట్టు కిందకి పోడానికి ఫోన్లో అప్లై చేసినాను” అని వాడు మెసేజ్ పెట్టాడు. మన చెట్టు అంటున్నాడు, నేను ఎప్పుడూ చూపించలేదు వాడికి. ఎవరో చూపించి ఉంటారు.

కువైట్‌లో ఉన్న మా వాళ్లకు ఇలాగే శుక్రవారం మాలియా అనే చోటు. సింగపూర్లోనే ఫిలిప్పీన్స్ నుంచి ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లకు ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజా. వాళ్లకు వారానికో సెలవు చట్టంలోకి వచ్చిందే 2013 జనవరిలో. ఇవన్నీ ఎవరో రాసిచ్చినవి కావు. వారం వారం అదే చోటికి వచ్చి కూర్చుని సంపాదించుకున్నవి.

ఇప్పుడు నేను గాజువాకలో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకున్నాను. మా అపార్టుమెంటు ఎదురుగా చిన్న పార్కు ఉంది. ఆటోనగర్ వైపు పనిచేసే ఒడిశా, బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు ఆదివారం సాయంత్రం వచ్చి కూర్చుంటారు. ఉతికిన చొక్కాలు, చెవిలో ఫోను. కిందటి నెల అసోసియేషన్ మీటింగులో వాళ్ల గురించే చర్చ. ఆడపిల్లలు నడవలేకపోతున్నారని ఒకరు, ఉమ్ముతున్నారని ఒకరు, అసలు వాళ్లెవరో మనకేం తెలుసు అని ఒకరు. మాట్లాడినవాళ్లలో ఇద్దరి కొడుకులు డల్లాస్‌లో ఉన్నారు. నేను సింగపూర్ సంగతి ఎత్తితే, “మీరు వేరండీ, మీరు పని మీద వెళ్లారు” అన్నారు. వీళ్లు దేని మీద వచ్చారో నాకు అర్థం కాలేదు. ఒక మరుగుదొడ్డి, రెండు చెత్తడబ్బాలు పెట్టించమని కార్పొరేషన్‌కి అర్జీ రాద్దామన్నాను. అడ్రసు, పిన్ కోడుతో సహా నేనే రాస్తానన్నాను. చూద్దామన్నారు. ముందుగా సిమెంటు బెంచీలు తీయించేశారు, కూర్చోడానికి లేకపోతే రారని. వాళ్లు వస్తూనే ఉన్నారు.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ పెట్టారు, గేటుకి తాళం వేయాలా వద్దా అని. మా అపార్టుమెంటులో అంతమందిమి కూర్చోడానికి హాలు లేదు కాబట్టి సాయంత్రం అయిదింటికి ఆ పార్కులోనేనట, కుర్చీలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.